నడుస్తున్న సర్వర్‌లో రెయిడ్ 5 సామర్థ్యాన్ని పెంచాలి: రెండు కొత్త డిస్కులను ఎలా చేర్చాలి?

పాతసంచిక (చిక్కడపల్లి):

అందరికీ నమస్కారం. మేము చిక్కడపల్లిలో పాత తెలుగు పత్రికలను, పుస్తకాలను స్కాన్ చేసి భద్రపరిచే చిన్న కార్యాలయాన్ని నడుపుతున్నాము. ఆబిడ్స్ ఆదివారం బజారులో దొరికినవి, గ్రంథాలయాలవారు అప్పగించినవి, ఎవరింట్లోనో అటక మీద నుంచి దిగినవి, అన్నీ మా బల్ల మీదికి చేరుతుంటాయి. ఏ4 పేజీని 400 డీపీఐలో, రంగుల్లో, కుదించకుండా టిఫ్ ఫైలుగా దాచితే పేజీకి సుమారు 46 ఎంబీ పడుతుంది కాబట్టి నూరు పేజీల సంచిక ఒక్కటే నాలుగున్నర జీబీ దాటుతుంది. చోటు ఎంత వేగంగా నిండుతుందో దీన్నిబట్టి ఊహించవచ్చు.

మా దగ్గర ఎనిమిది డిస్కులు పట్టే టవర్ సర్వర్ ఉన్నది. అందులో ఆపరేటింగ్ సిస్టమ్ విడిగా ఒక ఎస్‌ఎస్‌డీ మీద ఉన్నది. అది డెబియన్ 12. డేటా కోసం నాలుగు 4 టీబీ డిస్కులను లినక్స్ సాఫ్ట్‌వేర్ రెయిడ్ 5గా (ఒక డిస్కు పోయినా డేటా నిలిచే అమరిక) కట్టి, దాని మీద ఎల్‌వీఎం (చోటును పంచే పొర), ఆపైన ఎక్స్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్ సిస్టమ్ పెట్టుకున్నాము. వాడుకకు వచ్చే 12 టీబీలో ఇప్పటికే 93 శాతం నిండిపోయింది. ఈ వారంలో సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ల బజారు సీటీసీకి వెళ్ళి మరో రెండు 4 టీబీ డిస్కులు తెద్దామని అనుకుంటున్నాము.

నా సందేహాలు ఇవి. రెండింటినీ రెయిడ్ 5లోనే చేర్చితే 20 టీబీ వస్తుందని లెక్క తేలుతున్నది. అదే రెయిడ్ 6కు (రెండు డిస్కులు పోయినా నిలిచే అమరిక) మార్చితే 16 టీబీయే వస్తుంది. ఆ 4 టీబీని వదులుకోవడం నిజంగా అవసరమా? ఈ విస్తరణ జరుగుతుండగా ఆపరేటర్లు స్కానింగ్ కొనసాగించవచ్చా? వేసవిలో మా వీధిలో మధ్యాహ్నం పూట కరెంటు పోతూ ఉంటుంది. యూపీఎస్ ఇరవై నిమిషాలకు మించి నిలవదు. మధ్యలో సర్వర్ ఆగిపోతే డేటా ఏమవుతుంది? పూర్తయిన సంపుటాలకు బయటి డిస్కుల మీద నకలు ఉన్నది కానీ పని సాగుతున్నవాటికి లేదన్న సంగతి కూడా చెప్పడం మంచిది.

ఎండీస్టాట్:

నమస్కారమండి. మీ ప్రశ్నల్లో చివర చెప్పిన మాటనే ముందు తీసుకుంటాను. పని సాగుతున్న సంపుటాలకు నకలు లేకుండా ఈ విస్తరణకు పూనుకోవద్దు. అర్రే (రెయిడ్‌గా కట్టిన డిస్కుల సమూహం) ఆకారం మారుతున్నప్పుడు ప్రతి డిస్కులోని ప్రతి భాగాన్నీ చదివి, కొత్త అమరికలో తిరిగి రాయవలసి వస్తుంది. కొన్నేళ్ళుగా ఎవరూ తెరవని ఫైలు ఉన్న సెక్టార్‌ను కూడా ఆ రోజు చదివి తీరాలి. డిస్కులో ఎక్కడైనా లోపం దాగి ఉంటే అది బయటపడేది అప్పుడే.

అందుచేత కొత్త డిస్కులు కొనడానికి ముందే పాత నాలుగింటి ఆరోగ్యం చూడండి. స్మార్ట్‌సీటీఎల్‌తో ఒక్కొక్క డిస్కుకూ లాంగ్ టెస్ట్ పెట్టి, వచ్చిన పట్టికలో రీఎలొకేటెడ్ సెక్టార్, కరెంట్ పెండింగ్ సెక్టార్ అనే రెండు వరుసల చివరనున్న సంఖ్యలను గమనించండి. పెండింగ్ అన్నది సున్నా కాకపోతే ఆ డిస్కు చదవలేకపోతున్న చోట్లు ఉన్నాయని అర్థం. ఆ తరువాత సిస్ బ్లాక్‌లో మీ ఎండీ (లినక్స్ సాఫ్ట్‌వేర్ రెయిడ్) పరికరం కింద ఉండే సింక్ యాక్షన్ ఫైలులో ‘చెక్’ అని రాస్తే అర్రే మొత్తాన్ని ఒకసారి చదివి చూస్తుంది. చదవలేని సెక్టార్ తగిలితే మిగిలిన డిస్కుల నుంచి, పారిటీ (పోయినదాన్ని తిరిగి లెక్కగట్టడానికి దాచే అదనపు సమాచారం) నుంచి ఆ భాగాన్ని లెక్కగట్టి అక్కడే తిరిగి రాస్తుంది. ఈ పరిశీలన శుభ్రంగా ముగిసిన తరువాతే అర్రేను పెంచే గ్రో ఆదేశం జోలికి వెళ్ళండి.

ఇక రెయిడ్ 5 కావాలా, 6 కావాలా అన్న ప్రశ్న. మామూలు డెస్క్‌టాప్ డిస్కుల వివరపత్రాల్లో చదవలేని దోషం 10కి 14వ ఘాతం బిట్లకు ఒకటికి మించదని రాస్తారు. అంటే దాదాపు 12.5 టీబీకి ఒకటి. ఖరీదైన ఎంటర్‌ప్రైజ్ డిస్కులకు అదే 10కి 15వ ఘాతం, అంటే 125 టీబీ. ఇప్పుడు మీ నాలుగు డిస్కుల్లో ఒకటి పోతే దాన్ని పునర్నిర్మించడానికి మిగిలిన మూడింటి నుంచి 12 టీబీ చదవాలి. ఆరు డిస్కుల రెయిడ్ 5లో ఒకటి పోతే 20 టీబీ చదవాలి, ఆ చదివే సమయంలో రక్షణగా మరే పారిటీ మిగిలి ఉండదు. తయారీదారు చెప్పే ఈ సంఖ్య గరిష్ఠ పరిమితి మాత్రమే, చాలా డిస్కులు అంతకంటే మెరుగ్గానే నడుస్తాయి, కాబట్టి 12.5 టీబీ దగ్గర కచ్చితంగా దెబ్బ తగులుతుందని చెప్పడం అతిశయోక్తి అవుతుంది. అయినా ఒకే వయసున్న నాలుగు పాత డిస్కులు, వాటికి తోడు రెండు కొత్తవి ఉన్నచోట నేనైతే ఆ 4 టీబీని సంతోషంగా వదులుకొని రెయిడ్ 6కే వెళ్తాను. దొరకని సంచికలను స్కాన్ చేసేవారికి ఇందులో రెండో ఆలోచన ఉండకూడదని నా అభిప్రాయం.

పద్ధతి ఇలా ఉంటుంది. కొత్త డిస్కుల మీద పాతవాటిలాగే జీపీటీ పార్టిషన్ చేసి, సాఫ్ట్‌వేర్ రెయిడ్‌ను నడిపే ఎండీఏడీఎం ప్రోగ్రాంలోని యాడ్ ఆదేశంతో రెండింటినీ స్పేర్లుగా (అదనపు డిస్కులుగా) చేర్చండి. ఆ తరువాత ఎండీఏడీఎం గ్రో ఆదేశంలో లెవల్ 6 అని, రెయిడ్ డివైసెస్ 6 అని, దానితోపాటు బ్యాకప్ ఫైల్ దారిని ఇవ్వాలి. ఆ బ్యాకప్ ఫైలు ఇదే అర్రే మీద ఉండకూడదు, మీ ఎస్‌ఎస్‌డీ మీద ఉండాలి. ఇక్కడ ఒక సూక్ష్మం ఉన్నది. డబ్బు ఆదా చేద్దామని ఒక్క డిస్కే చేర్చి, నాలుగు డిస్కుల రెయిడ్ 5ను ఐదు డిస్కుల రెయిడ్ 6గా మార్చితే డేటాకు దక్కే డిస్కులు మునుపటిలాగే మూడు ఉంటాయి. అప్పుడు కొత్త గీతను (స్ట్రైప్, అంటే డిస్కులన్నిటి మీదుగా రాసే ఒక వరుస) పాత గీత ఉన్న చోటనే రాయవలసి వస్తుంది కనుక పని మొదలు నుంచి చివరి దాకా ప్రతి భాగాన్నీ ముందు బ్యాకప్ ఫైలులో దాచి, తరువాత రాస్తుంది. వేగం బాగా పడిపోతుంది. మీరు ఒకేసారి రెండు డిస్కులు చేర్చితే డేటా డిస్కులు మూడు నుంచి నాలుగు అవుతాయి కాబట్టి మొదటి కొద్ది భాగానికే ఆ జాగ్రత్త అవసరం, మిగిలినదంతా చకచకా సాగిపోతుంది. రెండు డిస్కులు తెద్దామన్న మీ ఆలోచన ఆ విధంగా కూడా మంచిదే.

పని జరుగుతుండగా స్కానింగ్ కొనసాగించవచ్చు, కానీ రెండూ నెమ్మదిస్తాయి. ఒక్కొక్క డిస్కులో 4 టీబీ ఉన్నది. సెకనుకు 40 ఎంబీ వేగం దక్కితే 28 గంటలు, 20 ఎంబీయే దక్కితే 55 గంటలు పడుతుంది. ప్రోక్ ఎండీస్టాట్ చూస్తే ఎంత శాతం అయిందో, ఎంత సేపు పడుతుందో తెలుస్తుంది. కెర్నెల్‌లో స్పీడ్ లిమిట్ మిన్, స్పీడ్ లిమిట్ మ్యాక్స్ అనే రెండు విలువలు సెకనుకు కేబీల్లో ఉంటాయి, అవి మామూలుగా 1,000, 2,00,000. వాడకందారులు పని చేస్తున్నప్పుడు రెయిడ్ పని వెనక్కి తగ్గుతుంది కానీ మిన్ విలువకంటే కిందికి పోకుండా చూసుకుంటుంది. పగలు దాన్ని అలాగే వదిలి, రాత్రి ఆపరేటర్లు వెళ్ళిన తరువాత మిన్‌ను 50,000కు పెంచండి. స్ట్రైప్ క్యాష్ సైజును 256 నుంచి 8,192కు పెంచినా వేగం పెరుగుతుంది. ఆరు డిస్కులకు అది సుమారు 192 ఎంబీ ర్యామ్ తీసుకుంటుంది, మీ సర్వర్‌కు అదేమీ భారం కాదు.

కరెంటు గురించి భయపడనక్కరలేదు, అలాగని ధీమాగానూ ఉండకూడదు. ఎంత దూరం వచ్చిందో అర్రే తన సూపర్‌బ్లాక్‌లో (డిస్కుల మీద తన వివరాలు దాచుకునే చోటు) రాసుకుంటూ పోతుంది. సర్వర్ సక్రమంగా ఆగి మళ్ళీ లేస్తే వదిలిన చోటి నుంచే అందుకుంటుంది. ఒక్కోసారి తిరిగి అసెంబుల్ చేసేటప్పుడు ఆ బ్యాకప్ ఫైలును చూపించవలసి వస్తుంది, అందుకే పూర్తయ్యే దాకా దాన్ని తీసివేయవద్దు. యూపీఎస్‌ను యూఎస్‌బీ తీగతో సర్వర్‌కు కలిపి నట్ ప్యాకేజీని పెట్టుకుంటే బ్యాటరీ తగ్గిన వెంటనే సర్వర్ తనంతట తానే మర్యాదగా ఆగిపోతుంది. ఉన్నట్టుండి కరెంటు పోయి ఆగిపోవడం కంటే ఇది ఎంతో మేలు.

పార్క్‌లేన్:

ఎండీస్టాట్ గారు చెప్పినదానితో ఏకీభవిస్తున్నాను. సీటీసీకి వెళ్తున్నామన్నారు కనుక కొనుగోలు గురించి నాలుగు మాటలు చెప్తాను.

‘4 టీబీ ఇవ్వండి’ అని మాత్రమే అడిగితే దుకాణంలో చవకగా ఉన్నది చేతిలో పెడతారు. అది ఎస్‌ఎంఆర్ పద్ధతిలో రాసే డిస్కు అయ్యే అవకాశం ఎక్కువ. అందులో ట్రాకులు ఒకదాని మీద ఒకటి కొంత ఎక్కి ఉంటాయి, ఇంటి పెంకుల్లాగా. ఒకచోట మార్చాలంటే దాని మీదికి ఎక్కిన వరుసలన్నీ మళ్ళీ రాయాలి. అప్పుడప్పుడు ఫైళ్ళు దాచుకోవడానికి అది సరిపోతుంది కానీ రెయిడ్ ఆకారం మార్చేటప్పుడు గంటల తరబడి ఆపకుండా రాయవలసి వచ్చినప్పుడు దాని తాత్కాలిక ప్రాంతం నిండిపోయి వేగం కుప్పకూలుతుంది, ఆ ఆలస్యానికి అర్రే ఆ డిస్కునే బయటికి తోసివేయవచ్చు. 2020లో వెస్టర్న్ డిజిటల్ రెడ్ శ్రేణిలోని కొన్ని డిస్కులు ఎస్‌ఎంఆర్ అని వెల్లడైనప్పుడు నాస్ (నెట్‌వర్క్ మీద ఫైళ్ళు దాచే పెట్టె) వాడేవాళ్ళంతా గోల చేసింది ఇందుకే. ఆ తరువాత ఆ సంస్థ ఏ మోడల్ ఏ పద్ధతిదో జాబితా ప్రకటించింది. కాబట్టి పెట్టె మీది రంగును, పేరును కాకుండా పూర్తి మోడల్ సంఖ్యను ఫోనులో వెతికి, తయారీదారు పత్రంలో సీఎంఆర్ (ట్రాకులు ఒకదాని మీద ఒకటి ఎక్కని పద్ధతి) అని ఉన్నదో లేదో చూసిన తరువాతే డబ్బులు ఇవ్వండి. అక్కడే నిలబడి సీరియల్ సంఖ్యను తయారీదారు వారంటీ పేజీలో కొట్టి చూడటం కూడా అలవాటు చేసుకోండి. సర్వర్ల నుంచి తీసిన పాత డిస్కులు శుభ్రంగా తుడిచి కొత్తవాటి పక్కన కూర్చోబెట్టి అమ్మడం మన బజారులో కొత్తేమీ కాదు. ఇంటికి తెచ్చాక స్మార్ట్ పట్టికలో పవర్ ఆన్ అవర్స్ వేలల్లో కనిపిస్తే అప్పుడు వాదించి లాభం ఉండదు.

మరొక విషయాన్ని చాలామంది పట్టించుకోరు. డెస్క్‌టాప్ డిస్కు ఒక సెక్టార్‌ను చదవలేకపోతే వదలకుండా నిమిషాల తరబడి మళ్ళీ మళ్ళీ ప్రయత్నిస్తూ కూర్చుంటుంది. లినక్స్ మాత్రం మామూలుగా 30 సెకన్లే ఎదురుచూసి, జవాబు రాకపోతే ఆ దారినే రీసెట్ చేస్తుంది. దాంతో ఒక్క సెక్టార్ చెడిన డిస్కు మొత్తంగా పోయిన డిస్కుగా లెక్కకు వస్తుంది. నాస్ డిస్కుల్లో ఈ ప్రయత్నాన్ని 7 సెకన్లకే ఆపివేసే ఏర్పాటు ఉంటుంది. స్మార్ట్‌సీటీఎల్‌లో ఎస్‌సీటీఈఆర్‌సీ విలువను చదివే వీలుంది. అక్కడ 70, 70 అని వస్తే 7 సెకన్లని అర్థం, సరిపోతుంది. మీ డిస్కు ఆ ఏర్పాటుకు ఒప్పుకోకపోతే దానికి బదులు కెర్నెల్ ఎదురుచూసే సమయాన్ని 180 సెకన్లకు పెంచండి. పాత నాలుగు డిస్కుల్లో కూడా దీన్ని చూడటం మరవకండి, సర్వర్ తిరిగి లేచిన ప్రతిసారీ ఈ విలువలు మళ్ళీ పెట్టేలా ఒక చిన్న స్క్రిప్టు రాసుకోండి.

రెండు డిస్కులనూ ఒకే దుకాణంలో, ఒకే పెట్టెలోంచి తీసుకోకుండా ఉంటే మరీ మంచిది.

జంటడిస్కు:

పెద్దలు చెప్పిన పద్ధతి సరైనదే కానీ అసలు ఈ పని చేయవలసిన అవసరమే లేదని నా వాదన. ఆరు డిస్కుల రెయిడ్ 6 కడితే మీకు వచ్చేది 16 టీబీ. రెండు 16 టీబీ డిస్కులను అద్దంలా జంట చేసి రెయిడ్ 1 కడితే వచ్చేదీ సరిగ్గా అదే 16 టీబీ. మీ సర్వర్‌లో నాలుగు బేలు (డిస్కు పట్టే అరలు) ఖాళీగా ఉన్నాయి. ఆ జంటను అక్కడ పెట్టి, పాత అర్రే నుంచి నకలు తీసే ఆర్‌సింక్ ప్రోగ్రాంతో డేటా మొత్తాన్ని కొత్తదానికి తెచ్చి, చెక్‌సమ్‌లు (ఫైలు మారలేదని తేల్చే సంఖ్యలు) సరిచూసుకున్నాక మౌంట్ పాయింట్ మార్చండి. పాత నాలుగు డిస్కులనూ ఎవరూ ముట్టుకోలేదు కనుక అవి చెక్కుచెదరని నకలుగా మిగులుతాయి. ఎక్కడ ఏ దశలో కరెంటు పోయినా, ఏ డిస్కు మొరాయించినా మీకు పోయేది కొంత సమయమే. నడుస్తున్న అర్రేను లోపలి నుంచి తిరగరాయడం కంటే ఇదే నిశ్చింత.

ఇంకో ప్రయోజనం కూడా ఉన్నది. ఎండీ చేసే చెక్‌లో పారిటీకి, డేటాకు పొంతన కుదరలేదని లెక్క వస్తుంది కానీ రెండింటిలో ఏది తప్పో దానికి తెలియదు. రిపేర్ పెడితే డేటాయే సరైనదని నమ్మి పారిటీని తిరగరాస్తుంది. ఆ జంటను జెడ్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్ సిస్టమ్‌తో కడితే అది ప్రతి బ్లాకుకూ చెక్‌సమ్ దాచుకుంటుంది కాబట్టి జంటలో ఏ డిస్కు చెప్పేది నిజమో తేల్చుకొని రెండోదాన్ని సరిచేస్తుంది. పాతికేళ్ళ తరువాత కూడా అదే టిఫ్ ఫైలు తెరుచుకోవాలనుకునేవారికి ఇది ఎంతో విలువైన గుణం. చోటు చాలనప్పుడు మరో జంటను చేర్చితే పూల్ (జంటలన్నిటి ఉమ్మడి చోటు) వెంటనే పెరుగుతుంది, ఆకారం మార్చే తతంగమే ఉండదు. రెయిడ్‌జెడ్‌లోకి (జెడ్‌ఎఫ్‌ఎస్ సొంత పారిటీ పద్ధతి) ఒక్కొక్క డిస్కును చేర్చే వీలు ఓపెన్ జెడ్‌ఎఫ్‌ఎస్ 2.3తో, అంటే 2025 జనవరిలో వచ్చింది. మీ డెబియన్ 12తో వచ్చేది 2.1 కనుక ప్రస్తుతానికి దాని గురించి ఆలోచించనక్కరలేదు, జంటలే సులువు.

ఎండీస్టాట్:

జంటడిస్కు గారి మాటలో బలం ఉన్నది. డబ్బు సమకూరితే నేను కూడా కాదనను. రెండు అభ్యంతరాలు మాత్రం చెప్తాను. జంటలో ఒక డిస్కు పోతే మిగిలేది ఒక్కటే. సగటున సెకనుకు 200 ఎంబీ చొప్పున చదివినా 16 టీబీ తిరిగి నిండటానికి 22 గంటలు పడుతుంది, అంతసేపూ మొత్తం ఆ ఒక్క డిస్కు మీదే ఆధారపడి ఉండాలి. రెయిడ్ 6లో ఒకటి పోయినా ఇంకొక రక్షణ మిగిలి ఉంటుంది. రెండోది, పాత అర్రేను నకలు అంటున్నారు కానీ అది అదే పెట్టెలో, అదే పవర్ సప్లై మీద కూర్చుని ఉంటుంది. వోల్టేజీ ఒక్కసారిగా పెరిగితే రెండూ కలిసే పోతాయి. ఆ నాలుగు డిస్కులనూ మరో పాత కంప్యూటర్‌లోకి మార్చి, వీలైతే మరో ఇంట్లో పెడితే అప్పుడు దాన్ని నకలు అని ఒప్పుకుంటాను. ఆపరేటర్ పొరపాటున ఒక ఫోల్డర్ తుడిచివేస్తే అది ఆరు డిస్కుల మీదా ఒకేసారి మాయమవుతుంది, ఏ లెవెల్ రెయిడ్ అయినా అంతే.

పాతసంచిక గారు ఎటు వెళ్ళాలన్నది, పని సాగుతున్న సంపుటాల పరిమాణాన్ని బట్టి ఉంటుంది. అది రెండు మూడు టీబీలే అయితే ఒక బయటి డిస్కు కొని నకలు తీసుకొని రెయిడ్ 6కు మారడం చవక. అంతకు మించితే జంటడిస్కు గారి దారి పట్టండి.

కూకట్‌పల్లి ఐటీ:

మధ్యలో అడుగుతున్నందుకు ఏమనుకోకండి. మా దగ్గర హెచ్‌పీఈ సర్వర్‌లో స్మార్ట్ అర్రే కార్డు (రెయిడ్‌ను తానే నడిపే హార్డ్‌వేర్) ఉన్నది, సాఫ్ట్‌వేర్ రెయిడ్ కాదు. మాకూ ఇదే పద్ధతి వర్తిస్తుందా?

ఎండీస్టాట్:

ఆలోచన అదే, మీట వేరు. ఆ కార్డును నడిపే ఎస్‌ఎస్‌ఏసీఎల్‌ఐ ప్రోగ్రాంలో ముందు అర్రేకు డిస్కులు చేర్చాలి. ఆ మార్పు పూర్తయిన తరువాత లాజికల్ డ్రైవ్ పరిమాణాన్ని విడిగా పెంచాలి. మొదటిది చేసి రెండోది మరిచి, చోటు రాలేదని కంగారుపడేవారు చాలామంది. కార్డు మీది క్యాష్‌కు బ్యాటరీ గానీ కెపాసిటర్ గానీ ఆరోగ్యంగా ఉంటేనే కార్డు ఈ పనికి ఒప్పుకుంటుంది. ఆ తరువాత లినక్స్‌కు కొత్త పరిమాణం తెలియాలంటే ఆ డిస్కు కింద ఉన్న రీస్కాన్ ఫైలులో 1 రాయండి. డిస్కు ఒక్కసారిగా పొడవైంది కాబట్టి జీపీటీ రెండో పట్టిక ఇప్పుడు మధ్యలో చిక్కుకుపోయి ఉంటుంది. ఎస్‌జీడిస్క్‌తో దాన్ని చివరికి జరిపాకే పార్టిషన్‌ను పెంచండి. పార్టిషన్ పట్టిక పాత ఎంబీఆర్ అయితే 2 టీబీ దాటి ఎంత చోటు ఉన్నా అది కనిపించదు. ఇంకా వివరాలు కావాలంటే విడిగా ప్రశ్న పెట్టండి, ఇక్కడ పాతసంచిక గారి విషయం పక్కదారి పడుతుంది.

పాతసంచిక (చిక్కడపల్లి):

అందరికీ కృతజ్ఞతలు. పని పూర్తయింది కనుక ఏం జరిగిందో రాస్తున్నాను, మా పరిస్థితిలో ఉన్న మరొకరికి పనికిరావచ్చు.

సాగుతున్న సంపుటాలు మూడు టీబీలోపే తేలాయి. ముందుగా వాటిని ఒక బయటి డిస్కుకు ఎక్కించి, యాదృచ్ఛికంగా కొన్ని ఫోల్డర్లను మరో కంప్యూటర్‌లో తెరిచి చూసుకున్నాము. తరువాత ఎండీస్టాట్ గారు చెప్పినట్టు చెక్ పెట్టాము. నాలుగింటిలో మూడు డిస్కులు శుభ్రంగా వచ్చాయి. రెండో బేలోని డిస్కులో పెండింగ్ సెక్టార్లు కనిపించాయి. చెక్ ముగిసేసరికి ఆ సంఖ్య సున్నాకు దిగింది కానీ దాని పక్కనే రీఎలొకేటెడ్ సంఖ్య పెరిగింది. అంటే అర్రే ఆ చోట్లను తిరిగి రాయబోతే డిస్కు వాటిని వదిలి వేరే చోటికి మార్చుకున్నదన్నమాట. పైకి అంతా బాగానే ఉన్నట్టు కనిపిస్తున్న ఈ డిస్కుతోనే గ్రో మొదలుపెట్టి ఉంటే ఎలా ఉండేదోనని మా అబ్బాయిలు ఆ సాయంత్రమంతా చర్చించుకున్నారు.

అందుచేత రెండుకు బదులు మూడు డిస్కులు తెచ్చాము. పార్క్‌లేన్ గారి సలహా ప్రకారం మోడల్ సంఖ్య చూసే తీసుకున్నాము. మొదట అడిగిన దుకాణంలో చూపించినది ఎస్‌ఎంఆర్‌దే, పక్క దుకాణంలో సీఎంఆర్ దొరికింది. ధర కొంత ఎక్కువైనా వెనుకాడలేదు. అనుమానపు డిస్కును ముందే పీకివేయకుండా, ఎండీఏడీఎం రీప్లేస్ ఆదేశంతో కొత్త డిస్కును దాని స్థానంలోకి తెచ్చాము. ఈ పద్ధతిలో పాత డిస్కు పక్కన నిలబడి తన డేటాను కొత్తదానికి అప్పగించి, అంతా అయిన తరువాతే తప్పుకుంటుంది కాబట్టి ఆ సమయంలో అర్రే ఒక్క క్షణం కూడా రక్షణ కోల్పోలేదు. ఈ ఆదేశం గురించి ఇక్కడ ఎవరూ ప్రస్తావించలేదు కనుక ప్రత్యేకంగా రాస్తున్నాను. ఎండీఏడీఎం మాన్యువల్ చదువుతుండగా కంటపడింది.

ఆ తరువాత మిగిలిన రెండింటినీ చేర్చి శుక్రవారం సాయంత్రం లెవల్ 6, డిస్కులు 6 అని గ్రో మొదలుపెట్టాము. శనివారం స్కానింగ్ ఆపలేదు. టిఫ్ ఫైలు భద్రం కావడానికి మామూలుకంటే ఎక్కువ సమయం పట్టింది తప్ప ఎవరి పనీ ఆగలేదు. డిస్కుల ఉష్ణోగ్రత మాత్రం మధ్యాహ్నానికి 48 డిగ్రీలు దాటేసరికి గదిలో ఏసీని ఆపకుండా నడిపించవలసి వచ్చింది. వేసవిలో ఈ పని పెట్టుకునేవారు దీన్ని కూడా లెక్కలో వేసుకోండి. కరెంటు ఒకసారి పోయింది, యూపీఎస్ వ్యవధిలోనే తిరిగి వచ్చింది, సర్వర్‌ను ఆపవలసిన అవసరం కలగలేదు.

పని పూర్తయ్యాక ఎల్‌వీఎంను, ఫైల్ సిస్టమ్‌ను కొత్త చోటుకు పెంచే పీవీరీసైజ్, ఎల్‌వీఎక్స్‌టెండ్, ఎక్స్‌ఎఫ్‌ఎస్ గ్రోఎఫ్‌ఎస్ ఆదేశాలను వరుసగా ఇచ్చాము. చివరిదానికి ఫైల్ సిస్టమ్ మౌంటై ఉండాలి కనుక ఏదీ విప్పనక్కరలేకపోయింది. చోటును చూపే డీఎఫ్ ఆదేశంలో ఇప్పుడు 15టీ అని కనిపిస్తున్నది. 16 రావాలి కదా అని మా అకౌంటెంట్ గారు అడిగారు. డిస్కు తయారీదారులు వెయ్యితో, కంప్యూటర్ 1,024తో లెక్కిస్తారని, 16 టీబీ అలా 14.55 అవుతుందని, డీఎఫ్ దాన్ని పైకి సవరించి 15గా చూపుతుందని వివరించి ఒప్పించవలసి వచ్చింది.

ఒక సందేహం మిగిలింది. ఎక్స్‌ఎఫ్‌ఎస్‌ను మొదట కట్టినప్పుడు డేటా డిస్కులు మూడు, ఇప్పుడు నాలుగు. ఫైల్ సిస్టమ్‌కు ఈ సంగతి తెలియజేయాలా? ఎండీఏడీఎం కాన్ఫ్ ఫైలులో ఏదైనా మార్చాలా?

ఎండీస్టాట్:

శుభం. రీప్లేస్ గురించి చెప్పకపోవడం నా వైపు లోటే, మీరు పూరించారు.

తెలియజేస్తే పెద్ద ఫైళ్ళు రాసేటప్పుడు కొంత మేలు జరుగుతుంది. మీ అర్రే చంక్ (ఒక్కో డిస్కు మీద వరుసగా రాసే ముక్క) 512 కేబీ అయితే ఎఫ్‌ఎస్‌టాబ్ ఫైలులో మౌంట్ ఆప్షన్లుగా ఎస్‌యూనిట్ 1,024 అని, ఎస్‌విడ్త్ 4,096 అని ఇవ్వండి, మధ్యలో కామాలు పెట్టకుండా. ఈ సంఖ్యలు 512 బైట్ల సెక్టార్లలో లెక్క: ఒక చంక్ 1,024 సెక్టార్లు, డేటా డిస్కులు నాలుగు కనుక 4,096. ఇదివరకు అది 3,072గా ఉండి ఉంటుంది. చంక్ ఎంతో ఎండీఏడీఎం డీటెయిల్‌లో చూసుకున్నాకే మార్చండి, ఊహించి రాయవద్దు.

ఎండీఏడీఎం కాన్ఫ్‌లో మీ అర్రే వరుసను చూడండి. అక్కడ యూయూఐడీ మాత్రమే ఉంటే అది మారదు కాబట్టి ఏమీ చేయనక్కరలేదు. లెవల్ రెయిడ్ 5 అని, నమ్ డివైసెస్ 4 అని పాత విలువలు రాసి ఉంటే మాత్రం సర్వర్ తిరిగి లేచేటప్పుడు అర్రే జత కుదరదు. వాటిని తీసివేసి, ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్‌ను (సర్వర్ లేచేటప్పుడు మొదట వాడే చిన్న ఫైళ్ళ మూట) అప్‌డేట్ చేసి, ఆపరేటర్లు లేని వేళ ఒకసారి రీబూట్ చేసి చూసుకోండి. బ్యాకప్ ఫైలును ఇప్పుడు తుడిచివేయవచ్చు. పెంచిన స్పీడ్ లిమిట్ మిన్‌ను కూడా వెనక్కి 1,000కి తెండి. డెబియన్ నెలకొకసారి, మొదటి ఆదివారం, శనివారం అర్ధరాత్రి దాటాక, తనంతట తానే చెక్ మొదలుపెడుతుంది. ఆ విలువ 50,000 దగ్గరే ఉండిపోతే చెక్ నడుస్తున్నంతసేపూ మీ స్కానర్లు నత్తనడక నడుస్తాయి.